దూరదేశాల విమానం ఎక్కడి నుంచి ఎగరాలి?



ఈ పూట ఒక విమానాల కొనుగోలు గురించి మీతో మాట్లాడతాను. 2023 ఫిబ్రవరి 14న ఎయిర్ ఇండియా సంస్థ 470 కొత్త విమానాలు కొంటున్నట్టు ప్రకటించింది. అందులో 250 యూరప్‌కు చెందిన ఎయిర్‌బస్ కంపెనీవి, 220 అమెరికాకు చెందిన బోయింగ్ కంపెనీవి. ఆ ప్రకటన వేళ మన ప్రధానమంత్రి, ఫ్రాన్స్ అధ్యక్షుడు మక్రాన్ వీడియోలో మాట్లాడుకున్నారు. బోయింగ్‌తో కుదిరిన బేరం వల్ల తమ దేశంలో 44 రాష్ట్రాల్లో పది లక్షలకు పైగా ఉద్యోగాలకు ఆధారం దొరుకుతుందని అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ చెప్పారు. ఇంత పెద్ద బేరంలో కృష్ణ ఒడ్డున, నల్లమల అంచున ఉన్న మన కొల్లాపూర్‌కు కూడా ఒక వాటా ఉందని నేను నమ్ముతాను. ఆ వాటా ఏమిటో, దాన్ని మనం ఎట్లా అడగాలో చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందుగా లెక్క చూద్దాం. 470లో 400 చిన్న విమానాలు. అవి హైదరాబాద్ నుంచి ఢిల్లీకి, ముంబైకి, దుబాయ్‌కి వెళ్లే రకం. మిగిలిన 70 పెద్దవి. మధ్యలో ఎక్కడా దిగకుండా సముద్రాలు దాటి అమెరికాకు, యూరప్‌కు వెళ్లగలిగేవి. ఆ 70లో 40 ఎయిర్‌బస్ ఏ350లు, 20 బోయింగ్ 787-9లు, 10 బోయింగ్ 777ఎక్స్‌లు. 2024 డిసెంబర్‌లో ఎయిర్‌బస్‌కు ఇంకో వంద విమానాలు చెప్పారు. అందులో పది మళ్లీ ఏ350లే. మన బతుకులతో ఎక్కువగా ముడిపడినవి ఈ పెద్ద విమానాలే.

ఎందుకంటారా? ముప్ఫై నలభై ఏళ్ల కింద మన పాలమూరు జిల్లా అంటే వలసకు మారుపేరు. మేస్త్రీ వెంట పోయి దేశమంతటా ప్రాజెక్టుల కాలువలు తవ్విన చేతులు మనవి. ముంబై, పుణె, భివండి మనకు పరాయి ఊళ్లు కావు. ఇప్పుడు అవే ఇళ్లల్లో చదువుకున్న పిల్లలు డాలస్‌లో, షికాగోలో, న్యూజెర్సీలో ఉన్నారు. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడే వాళ్ల సంఖ్య 86 శాతం పెరిగిందని అక్కడి జనాభా లెక్కల మీద చేసిన ఒక పరిశీలన చెప్పింది. అంత వేగంగా అక్కడ ఇంకే భాషా పెరగలేదు. కొల్లాపూర్, పెద్దకొత్తపల్లి, నాగర్‌కర్నూల్ బస్టాండుల్లో నిలబడి నలుగురిని పలకరిస్తే, వాళ్లలో ఒకరి కొడుకో, బిడ్డో, అల్లుడో సముద్రాల అవతల ఉంటారు.

పిల్లలు చదువుకున్న వాళ్లు, ఎట్లాగైనా పోతారు, వస్తారు. నా ఆలోచన వాళ్ల తల్లుల గురించి. బిడ్డ కాన్పుకని ఒక అమ్మ ఇక్కడి నుంచి బయలుదేరుతుంది. కారులో నాగర్‌కర్నూల్, జడ్చర్ల మీదుగా శంషాబాద్ చేరడానికే మూడు నాలుగు గంటలు. అక్కడ విమానమెక్కి గల్ఫ్‌లో ఏ దోహాలోనో దుబాయ్‌లోనో, లేకుంటే యూరప్‌లో ఏ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో దిగాలి. ఆ పెద్ద విమానాశ్రయంలో తన గేటు వెతుక్కోవాలి. మైకులో చెప్పేది ఇంగ్లీషు, లేకుంటే అరబ్బీ, జర్మన్. ఆమెకు తెలిసింది తెలుగు. కొంగున ముడేసుకున్న కాగితం మీద, ఈమెకు ఇంగ్లీషు రాదు, దయచేసి ఫలానా విమానం దగ్గరికి పంపండి అని బిడ్డ రాసి ఇచ్చి ఉంటుంది. షుగర్ గోళీ ఏ దేశపు టైముకు వేసుకోవాలో అర్థం కాదు. వీల్‌చెయిర్ నడవలేక అడిగేవాళ్లూ ఉన్నారు, దారి తప్పుతామన్న భయంతో అడిగేవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్‌లో ఎక్కి షికాగోలోనే దిగే విమానం ఉంటే ఆ భయంలో సగం పోతుంది. దూరం తగ్గదు గానీ, మధ్యలో తప్పిపోయే చోటు ఉండదు.

అట్లాంటి విమానం ఒకటి ఒకప్పుడు నడిచింది. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా షికాగో, హైదరాబాద్ మధ్య నేరు సర్వీసు మొదలుపెట్టింది. వారానికి ఒకసారి బోయింగ్ 777-200ఎల్ఆర్ విమానం నడిచేది. పదమూడు వేల కిలోమీటర్లకు పైగా దూరం, పదహారు పదిహేడు గంటల ప్రయాణం. హైదరాబాద్ నుంచి అమెరికాకు మధ్యలో ఆగకుండా పోయిన మొదటి విమానం అదే. ఆ సర్వీసు ఎక్కువకాలం నిలవలేదు, కొన్నాళ్లకు ఆగిపోయింది. ఎందుకు నిలవలేదన్న ప్రశ్నకు జవాబు వెతికితే, అంతకు పదిహేనేళ్ల ముందు జరిగిన ఇంకో పెద్ద కొనుగోలు దగ్గర తేలుతాం.

దానికన్నా ముందు ఈ సంస్థ పుట్టుక గురించి కొంచెం చెప్పాలి. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా ఒక చిన్న పస్ మాత్ విమానంలో టపా సంచులు వేసుకుని కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి వచ్చారు. ఆ టాటా ఎయిర్‌లైన్సే 1946లో ఎయిర్ ఇండియా అయింది. 1948 జూన్ 8న మలబార్ ప్రిన్సెస్ అనే విమానం బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్‌కు బయలుదేరింది. ఆ కాలంలోనే మన హైదరాబాద్ రాజ్యంలో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ నడిపారు. బేగంపేట నుంచి డకోటా విమానాలు ఎగిరేవి. 1953లో కేంద్ర ప్రభుత్వం విమాన సంస్థలన్నిటినీ జాతీయం చేసింది. విదేశాలకు ఎయిర్ ఇండియా, దేశంలోపల ఇండియన్ ఎయిర్‌లైన్స్ మిగిలాయి. దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 1960లో ఎయిర్ ఇండియా బోయింగ్ 707 జెట్ విమానాలు తెచ్చి, ఆ ఏడే న్యూయార్క్‌కు సర్వీసు మొదలుపెట్టింది. 1962కల్లా పంకాల విమానాలన్నీ తీసేసి పూర్తిగా జెట్లతోనే నడిచింది. 1971లో జంబో జెట్ వచ్చింది. అప్పట్లో కొత్త విమానాలతో కొత్త ఊళ్లకు దారులు పడ్డాయి.

ఆ తర్వాత చాలాకాలం సంస్థ కొత్త విమానాలు సరిపడా కొనలేదు. కొనాలన్న ఆలోచన 1996లో మొదలైతే, ఒక ప్రతిపాదనగా తేలడానికి 2004 దాకా పట్టింది. మొదట 28 విమానాలు చాలనుకున్నారు. కొద్ది నెలల్లోనే ఆ సంఖ్య 68కి పెరిగింది. బోయింగ్‌తో ఒప్పందం 2006 జనవరిలో బయటికి వచ్చింది. అందులో 23 బోయింగ్ 777లు, 27 బోయింగ్ 787లు, 18 బోయింగ్ 737లు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ విడిగా 43 ఎయిర్‌బస్‌లు చెప్పింది. 2007లో రెండు సంస్థలనూ కలిపేశారు.

ఈ కొనుగోలు దాదాపు మొత్తం అప్పు మీదే జరిగింది. ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే కాగ్ 2011లో ఇచ్చిన నివేదికలో ఈ సంగతిని గట్టిగా తప్పుపట్టింది. ఏళ్ల తరబడి నానబెట్టిన నిర్ణయాన్ని చివర్లో కొద్ది నెలల్లో పెంచేశారని, అప్పు ఎట్లా తీరుతుందన్న లెక్క సరిగా వేయలేదని చెప్పింది. సాగు ఎంత ఉందో చూసుకోకుండా అప్పు తెచ్చి రెండు ట్రాక్టర్లు కొన్న రైతు ఏమవుతాడో మన ఊళ్లో అందరికీ తెలుసు. బండి బాగానే ఉంటుంది, కిస్తీ మాత్రం ఆగదు. 787 విమానాలు 2008లో రావాల్సింది, 2012 సెప్టెంబర్‌లో గానీ మొదటిది రాలేదు. అమెరికాకు నేరుగా పోవడానికని కొన్న 777-200ఎల్ఆర్‌లు ఎనిమిది ఉంటే, వాటిలో ఐదింటిని అబుదాబీకి చెందిన ఎతిహాద్‌కు అమ్ముకోవాల్సి వచ్చింది. తర్వాత హైదరాబాద్ నుంచి షికాగోకు నడిచింది ఆ రకం విమానమే. సంస్థ చేతిలో మిగిలినవి మూడు. ఢిల్లీ, ముంబై, బెంగళూరు అడిగిన తర్వాత మన హైదరాబాద్‌కు రోజూ నడపడానికి విమానం ఎక్కడిది?

2021 ఆగస్టు చివరికి ఎయిర్ ఇండియా అప్పు 61,562 కోట్ల రూపాయలు. ఆ అక్టోబర్‌లో టాటా సన్స్ 18,000 కోట్లకు సంస్థను దక్కించుకుంది. అందులో 15,300 కోట్లు అప్పు మోయడం, 2,700 కోట్లు నగదు. 2022 జనవరి 27న సంస్థ వాళ్ల చేతికి వెళ్లింది. మిగిలిన అప్పు ప్రభుత్వం దగ్గరే, అంటే మనందరి నెత్తిన ఉండిపోయింది. అందుకే ఇప్పుడు సంస్థ ప్రైవేటుదే అయినా, దాని దారుల గురించి అడిగే హక్కు మనకుందని నేనంటాను. మనం కట్టిన పన్నులు ఆ విమానాల వెనక ఉన్నాయి.

ఇప్పుడు కొత్త విమానాల సంగతి. ఏ350 శరీరంలో సగానికి పైగా కార్బన్ నారతో చేసిన పదార్థం. ఇనుము, అల్యూమినియం కన్నా తేలిక, తుప్పు పట్టదు. వెనకటి తరం విమానాల కన్నా ఇంధనం నాలుగో వంతు తక్కువ తాగుతుందని తయారీదారుల మాట. 787 కూడా ఇదే దారిలో కట్టింది. లోపల గాలి ఒత్తిడిని ఆరు వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంచగలరు, పాత విమానాల్లో అది ఎనిమిది వేల అడుగులు. పదహారు గంటలు కూర్చునే పెద్దవాళ్లకు ఈ తేడా తలనొప్పిలో, నీరసంలో తెలుస్తుంది. ఈ రెండు రకాలూ రెండు ఇంజన్లతోనే సముద్రాలు దాటుతాయి కాబట్టి, నాలుగు ఇంజన్ల జంబో జెట్‌ను నింపలేని ఊరి నుంచి కూడా దూరదేశాలకు నేరుగా నడపొచ్చు. హైదరాబాద్ లాంటి ఊళ్లకు ఈ విమానాలు తెచ్చిన పెద్ద మేలు ఇదే. ఎయిర్‌బస్ ఏ380 తయారీ 2021లో ఆగింది, బోయింగ్ 747 చివరిది 2023 జనవరిలో అందింది. ప్రపంచమంతా ఇటే తిరిగింది.

ఎయిర్ ఇండియా మొదటి ఏ350 2023 డిసెంబర్‌లో దేశానికి వచ్చింది. మరుసటి నెల దాన్ని జనానికి చూపించింది మన బేగంపేటలోనే, వింగ్స్ ఇండియా ప్రదర్శనలో. అందులో 316 సీట్లు. 2024లోనే ఆ రకం విమానాలు లండన్‌కు, న్యూయార్క్‌కు నడిచాయి, కానీ ఢిల్లీ నుంచి. ప్రదర్శన హైదరాబాద్‌లో జరిగింది, ప్రయాణం మాత్రం ఢిల్లీ నుంచి మొదలైంది. నా బాధ అక్కడే ఉంది.

సంస్థ వైపు లెక్క కూడా న్యాయంగా చెప్పుకోవాలి. హైదరాబాద్ నుంచి అమెరికాకు రోజూ ఒక సర్వీసు నడపాలంటే ఒక విమానం చాలదు. పోవడానికి పదహారు గంటలు, రావడానికి అంతే, మధ్యలో శుభ్రం చేసి ఇంధనం పోసే గంటలు. కనీసం రెండు విమానాలు ఆ ఒక్క దారికే కట్టేయాలి. ఒక్కో ప్రయాణానికి నలుగురు పైలట్లు కావాలి. ఇద్దరు నడుపుతుంటే ఇద్దరు పడుకుంటారు. ముందు వరుసల్లో ఎక్కువ డబ్బు పెట్టి కూర్చునే వాళ్లు రోజూ దొరకాలి. అన్ని ఊళ్ల వాళ్లనూ ఢిల్లీకి చేర్చి అక్కడి నుంచి ఎక్కిస్తే విమానం తొందరగా నిండుతుంది. ఇదంతా నిజమే.

కానీ ఢిల్లీ దారికి కూడా ఇప్పుడు బరువు పెరిగింది. 2025 ఏప్రిల్ 24 నుంచి పాకిస్తాన్ తన ఆకాశం మీదుగా మన విమానాలను పోనివ్వడం లేదు. ఢిల్లీ నుంచి పడమటికి పోయే విమానాలు చుట్టు తిరిగి పోవాలి. ఇంధనం ఎక్కువ, గంటలు ఎక్కువ, కొన్ని మధ్యలో యూరప్‌లో దిగి ఇంధనం పోసుకోవాల్సి వచ్చింది. ఢిల్లీ నుంచి వాషింగ్టన్ సర్వీసును ఆ ఏడు సెప్టెంబర్‌లో ఆపేశారు. అరేబియా సముద్రం మీదికి తొందరగా చేరగలిగే దక్షిణాది ఊళ్లను ఇట్లాంటప్పుడైనా కొత్త కళ్లతో చూడాలి.

శంషాబాద్‌కు ఉన్న బలం చిన్నది కాదు. 2008 మార్చిలో తెరిచిన ఆ విమానాశ్రయం రన్‌వే పొడవు 4,260 మీటర్లు. దక్కన్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి సుమారు 617 మీటర్ల ఎత్తున ఉంది. మన మే నెల ఎండల్లో గాలి పలచబడుతుంది. పలచటి గాలిలో రెక్కకు ఎత్తే బలం తగ్గుతుంది, ఇంజన్‌కు తోసే బలం తగ్గుతుంది. అమెరికా దాకా సరిపడా ఇంధనం నింపుకున్న విమానం లేవాలంటే చాలా దూరం పరుగెత్తాలి. అంత పరుగుకు చోటు శంషాబాద్‌లో ఉంది. బయలుదేరే వేళ రాత్రికి పెట్టుకుంటే చల్లదనం కూడా కలిసి వస్తుంది.

ఇక మన తోటల సంగతి. ప్రయాణికుల కాళ్ల కింద సామాను అరలో టన్నుల కొద్దీ సరుకు పోతుంది. దూరదేశాలకు పండ్లు, మందులు అట్లా కూడా పోతాయి. 2007లో అమెరికా మన దేశపు మామిడికి మళ్లీ తలుపు తీసింది, పండ్లకు రేడియేషన్ శుద్ధి చేసి పంపాలన్న షరతు మీద. మొదట ఆ శుద్ధి జరిగింది మహారాష్ట్రలోని లాసల్‌గావ్‌లో. కొల్లాపూర్ బేనిషాన్ రుచికి పేరుంది, కానీ మన రైతు పండు ఎక్కువగా లారీలోనే పోతుంది, కాయగానే అమ్ముడవుతుంది. శుద్ధి చేసే కేంద్రం దగ్గరలో ఉండి, నేరుగా పోయే విమానం ఉంటే, కోసిన రెండు మూడు రోజుల్లో పండు అక్కడి మన పిల్లల ఇళ్లకు చేరుతుంది. ఆ రెండూ కలిసి వస్తేనే రైతు చేతికి ధర అందుతుంది. ఒకటి ఉండి ఇంకొకటి లేకుంటే ఫలితం లేదు.

విమానం మీద ఆశ పెంచుకునే ముందు భద్రత గురించి నిష్కర్షగా మాట్లాడుకోవాలి. 2025 జూన్ 12న అహ్మదాబాద్ నుంచి లండన్‌కు బయలుదేరిన ఎయిర్ ఇండియా 787 విమానం లేచిన కొద్ది క్షణాల్లోనే కూలింది. లోపలున్న 242 మందిలో ఒక్కరు తప్ప అందరూ పోయారు. కింద ఉన్నవాళ్లతో కలిపి 260 మంది ప్రాణాలు పోయాయి. ఆ కుటుంబాలకు దర్యాప్తులోని ప్రతి నిజమూ తెలియాలి. ఆ నిజాలే రేపు మన అమ్మ ఎక్కే విమానాన్ని కాపాడతాయి. కొత్త విమానం అన్నంత మాత్రాన ధైర్యం రాదు. దాన్ని చూసుకునే ఇంజనీర్లు, నడిపే పైలట్ల విశ్రాంతి, తప్పు దొరికితే దాచకుండా చెప్పే అలవాటు, వీటి మీదే మన నమ్మకం నిలబడుతుంది. విమానాల మీద పెట్టినంత శ్రద్ధ మనుషుల మీద కూడా పెట్టమని అడగాలి.

ఆ మనుషుల్లో మన పిల్లలు ఎందుకు ఉండకూడదు? కల్వకుర్తి, ఆమన్‌గల్ మీదుగా హైదరాబాద్ పోతుంటే, అవుటర్ రింగు రోడ్డు దగ్గర పడగానే ఆదిభట్ల పక్కనే ఉంటుంది. అక్కడ టాటా, బోయింగ్ కలిసి పెట్టిన ఫ్యాక్టరీలో అపాచీ హెలికాప్టర్ల శరీరాలు 2018 నుంచి తయారవుతున్నాయి. బోయింగ్ 737 తోక మీద నిలువుగా ఉండే భాగాన్ని కూడా అక్కడే చేస్తున్నారు. శంషాబాద్‌లో ఫ్రాన్స్ కంపెనీ సాఫ్రాన్ 2025 నవంబర్‌లో లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రం తెరిచింది. ఎయిర్ ఇండియా చెప్పిన చిన్న విమానాలకు ఉండే రకం ఇంజన్లు అవి. విమాన రిపేరు షెడ్లూ అక్కడ ఉన్నాయి. ఇండియన్ ఎయిర్‌లైన్స్ కాలం నుంచి పైలట్లకు శిక్షణ ఇచ్చిన కేంద్రం కూడా హైదరాబాద్‌దే. ఐటీఐ, డిప్లొమా చదివే మన పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు నేను చెప్పేది ఒకటే. విమానాల ఇంజనీరింగ్ అంటే అమెరికాకో బెంగళూరుకో పోవాలన్న మాట పాతది. విమానం నిర్వహణ ఇంజనీరు లైసెన్సు కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఇస్తుంది. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ శ్రద్ధగా చదివిన పిల్లలకు ఆ దారి తెరిచే ఉంది. మన జిల్లా ఐటీఐలలో, పాలిటెక్నిక్‌లలో ఆ ఫ్యాక్టరీలకు పనికొచ్చే కోర్సులు పెట్టమని, పిల్లలను అక్కడికి తీసుకెళ్లి చూపించమని అధికారులను అడగాలి.

శ్రోతలారా, విమానాలు ఎన్ని కొన్నారన్నది పత్రికకు వార్త. అవి ఎక్కడి నుంచి ఎగురుతున్నాయన్నది మన బతుకుకు సంబంధించిన సంగతి. 2006 కొనుగోలులో విమానాలు వచ్చాయి, వాటిని నిలబెట్టే లెక్క రాలేదు. అందుకే షికాగో సర్వీసు మన కళ్ల ముందే వచ్చి పోయింది. ఈసారి లెక్కలోనే హైదరాబాద్ ఉండాలి. పెద్ద విమానాలు ఒక్కొక్కటే వస్తున్న ఈ సంవత్సరాలే అడగాల్సిన సమయం. ఏ విమానం ఏ దారిలో పోవాలన్నది ఒకసారి ఖాయమైతే దాన్ని మార్చడం కష్టం.

కాబట్టి మూడు మాటలు అడుగుదాం. హైదరాబాద్ నుంచి అమెరికాకు నేరు సర్వీసు, వారానికి ఒకసారి కాకుండా, జనం నమ్మి టికెట్ కొనుక్కునేంత క్రమంగా నడవాలి. ఆ విమానంలో తెలుగు మాట్లాడే సిబ్బంది ఉండాలి, ప్రకటనలు తెలుగులో వినిపించాలి. మన తోటల పండుకు ఆ విమానంలో చోటు, దానికి ముందు శుద్ధి కేంద్రం రాష్ట్రంలోనే ఉండాలి. మన ఎమ్మెల్యేలను, ఎంపీలను, విదేశాల్లో ఉన్న తెలుగు సంఘాలను ఈ మూడింటి కోసం పట్టుబట్టమని చెబుదాం. అక్కడున్న మన పిల్లలు కూడా ఇక్కడి నుంచి నేరుగా పోయే విమానం మొదలైతే, పది వేలు ఎక్కువైనా మొదటి నెలల్లో దానికే టికెట్ కొని అమ్మానాన్నలను పిలిపించుకోవాలి. సీట్లు నిండితేనే సర్వీసు నిలుస్తుంది. దేశాన్ని తన రెక్కల కష్టంతో కట్టిన పాలమూరుకు, ఒక దారి గట్టిగా అడిగే అర్హత నిండుగా ఉంది.